తీగ తెగితే ఎర్రదీపమే వెలగాలి: రైల్వే సాఫ్ట్‌వేర్‌కు రైల్వే నేర్పే పాఠం

రైలు టికెట్, ప్లాట్‌ఫామ్ టికెట్, బండి ఎక్కడుందో చూసుకోవడం, భోజనం, ఫిర్యాదు... ఇన్నాళ్లూ వేర్వేరు యాప్‌లలో ఉన్న సేవలన్నీ ‘రైల్‌వన్’ అనే ఒక్క యాప్‌లోకి వచ్చాయి. రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ ‘క్రిస్’ 40వ వ్యవస్థాపక దినోత్సవమైన 2025 జులై 1న మంత్రి అశ్వినీ వైష్ణవ్ దీన్ని ప్రారంభించారు. ఆ రోజు నుంచే ఐఆర్‌సీటీసీలో తత్కాల్ టికెట్లు ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే పరిమితమయ్యాయి. జులై 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా తోడైంది.

ప్రయాణికుడికి కనిపించేది ఒక్క తెర. దాని వెనక ఎన్ని వ్యవస్థలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయన్నది మాత్రం చర్చకు రాదు. అందులో ఒకటి తెగితే ఎక్కడ తెగిందో ఎలా కనిపెడతారన్నది అసలే రాదు. టికెట్ దొరక్కపోతే ‘సర్వర్ డౌన్’ అనుకుని ఊరుకుంటాం. 2024 డిసెంబర్‌లో ఐఆర్‌సీటీసీ పలుమార్లు మొరాయించినప్పుడు జనానికి కనిపించింది ‘మెయింటెనెన్స్’ అన్న ఒక్క మాట. సర్వీసులన్నిటినీ ఒకచోట కలపడం గొప్పే. కలిపిన చోట లోపాన్ని వెతికే పద్ధతి కూడా అంతే పకడ్బందీగా ఉందా అన్నదే ప్రశ్న.

బిలాస్‌పూర్ నుంచి తిరుపతికి ఒక టికెట్

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు మీద బతికే ఊరు. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లతో 2003లో మొదలైన ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కార్యాలయం ఇక్కడే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో తరతరాలుగా ఉన్నాయి. వాళ్లకు సొంతూరి దారి బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్. రాయ్‌పూర్, రాయగడ, విజయనగరం, విశాఖ, విజయవాడల మీదుగా వెళ్లే బండి అది.

ఈ బండికి ఒక రైల్వే ఉద్యోగి పాస్ మీద బెర్త్ తీసుకోవాలనుకుందాం. 2020 ఆగస్టు నుంచి పాస్ కాగితం పోయి ఈ-పాస్ వచ్చింది. ఉద్యోగి సర్వీసు వివరాలు, కుటుంబ సభ్యుల పేర్లు, పాస్ అర్హత హెచ్ఆర్ఎంఎస్ అనే వ్యవస్థలో ఉంటాయి. టికెట్ అడిగేది ఐఆర్‌సీటీసీలో. బెర్త్ ఇచ్చేది పీఆర్ఎస్ అనే రిజర్వేషన్ వ్యవస్థ. ఓటీపీ వచ్చేది టెలికాం కంపెనీ ద్వారా. డబ్బు కట్టే టికెటైతే పేమెంట్ గేట్‌వే, బ్యాంకు కూడా కలుస్తాయి. తత్కాల్ అయితే ఆధార్. ఒక్క బెర్తు కోసం ఇన్ని వ్యవస్థలు సరైన సమయంలో సరైన జవాబివ్వాలి.

వీటిని కలిపే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌నే ఇంటిగ్రేషన్ మిడిల్‌వేర్ అంటారు. గోందియాలో ఒకప్పుడు జబల్‌పూర్ నుంచి వచ్చే నారోగేజ్ లైను బ్రాడ్‌గేజ్‌ను కలిసేది. గేజ్ మారే అలాంటి చోట సరుకును ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌లోకి మార్చక తప్పదు. మిడిల్‌వేర్ చేసేదీ అదే. ఒక వ్యవస్థ భాషలో వచ్చిన సమాచారాన్ని మరో వ్యవస్థకు అర్థమయ్యేలా మార్చి అందిస్తుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, విద్యుత్ సంస్థలు, ప్రభుత్వ పోర్టళ్లు అన్నీ ఇలాంటి వాటి మీదే నడుస్తున్నాయి. హైదరాబాద్, బెంగళూరు, డాలస్‌లలోని తెలుగు ఇంజినీర్లలో చాలామందికి రోజూ అన్నం పెట్టేదీ ఈ పనే.

లాబీ ఇచ్చే ఇంజిన్

ఈ మిడిల్‌వేర్‌ను కట్టే తీరులో 20 ఏళ్లుగా రాజ్యమేలుతున్న పద్ధతి డిపెండెన్సీ ఇంజెక్షన్. పేరు భయపెట్టేలా ఉన్నా విషయం బిలాస్‌పూర్‌లో ఏ లోకో పైలట్‌ను అడిగినా చెప్పేదే. డ్యూటీకి వచ్చిన లోకో పైలట్ తన ఇంజిన్‌ను తానే వెతుక్కోడు. క్రూ లాబీలో సైన్-ఆన్ చేస్తాడు. ఏ బండి, ఏ ఇంజిన్, తోడు ఎవరు, దారిలో వేగం తగ్గించాల్సిన చోట్లు చెప్పే కాషన్ ఆర్డర్ ఏది... అన్నీ బయటి నుంచి అతని చేతికి వస్తాయి. అతను చేయాల్సింది బండి నడపడం.

సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. టికెట్ బుక్ చేసే భాగం తనకు కావాల్సిన డేటాబేస్ కనెక్షన్‌ను, పేమెంట్ సర్వీసును తానే తయారు చేసుకోదు. ‘నాకు ఇవి కావాలి’ అని ప్రకటిస్తుంది. కంటెయినర్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ వాటిని తెచ్చి అందిస్తుంది. ఈ పద్ధతికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరును మార్టిన్ ఫౌలర్ 2004 జనవరిలో రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. జావా ప్రపంచంలో దీన్ని ఇంటింటికీ చేర్చిన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ తొలి పూర్తి వెర్షన్ కూడా ఆ ఏడాదే మార్చిలో వచ్చింది.

లాభం స్పష్టం. అసలు పేమెంట్ గేట్‌వే స్థానంలో నకిలీది పెట్టి పరీక్షించవచ్చు. రేపు బ్యాంకు మారితే టికెట్ భాగాన్ని ముట్టుకోనక్కరలేదు. నష్టం కూడా అక్కడే ఉంది. ఏది ఎవరి చేతికి వస్తోందో కోడ్ చదివినంత మాత్రాన తెలియదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి అందించారో సెట్టింగులలో వెతకాలి.

ఐదు తెగుళ్లు

మొదటిది, అడిగింది లేకపోవడం. కంటెయినర్ ‘మీరడిగిన భాగం నా దగ్గర లేదు’ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది. పదుల వరుసల ఎర్రర్ సందేశం వస్తుంది. కొత్త ఇంజినీర్లు పై వరుస చూసి కంగారుపడతారు. అనుభవజ్ఞులు ముందు ఆఖరి ‘కాజ్డ్ బై’ వరుస చూస్తారు. అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది. నిజానికి ఇది మంచి తెగులు. బండి స్టేషన్ దాటకముందే బయటపడుతుంది.

రెండోది, అడిగినవి రెండు ఉండటం. పరీక్షల కోసం పెట్టిన నకిలీ గేట్‌వే, అసలు గేట్‌వే రెండూ ఒకే రకానికి చెందినవి. ఏది ఇవ్వాలో తేల్చకపోతే కంటెయినర్ ఆగిపోతుంది. తప్పుగా తేల్చి చెబితే ఆగదు. నకిలీ గేట్‌వేతోనే ఉత్సాహంగా పనిచేస్తుంది. ప్రమాదం ఆ రెండో సందర్భంలో.

మూడోది, వలయం. ‘అ’కు ‘ఆ’ కావాలి, ‘ఆ’కు ‘అ’ కావాలి. ఎదురెదురుగా వచ్చిన రెండు బళ్లు నువ్వు తప్పుకుంటేనే నేను కదులుతానని ఒకే లైన్‌లో నిలబడ్డట్టు. చాలాకాలం స్ప్రింగ్ ఇలాంటి వలయాల్లో కొన్నింటిని లోపల్లోపల సర్దుబాటు చేసి నడిపించేది. 2021 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.6 ఆ మొహమాటం వదిలేసింది. వలయం కనిపిస్తే ఎవరూ ప్రత్యేకంగా అనుమతించనంతవరకు అప్లికేషన్ మొదలే కాదు. అంతవరకు సాఫీగా నడిచిన ఎన్నో పాత అప్లికేషన్లు వెర్షన్ మార్చగానే ఆగిపోయాయి. లోపం కొత్తగా పుట్టలేదు. అప్పటిదాకా దాగి ఉంది.

నాలుగోది, వెర్షన్ల గొడవ. పేరు అదే, లోపలి మనిషి వేరు. 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3, జావా ఎంటర్‌ప్రైజ్ లైబ్రరీల పాత ఇంటిపేరు ‘జావాఎక్స్’ను వదిలి ‘జకార్తా’కు మారింది. సగం కోడ్ పాత పేరుతో, సగం కొత్త పేరుతో ఉంటే రెండూ ఎదురుగా ఉన్నా ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. దీనికి ఊహ పనికిరాదు. ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో, ఎవరి వెంట వచ్చిందో పూర్తి జాబితా తీసి చూడాల్సిందే.

ఐదోది అన్నిటికన్నా చెడ్డది. అందించిన వస్తువు సరైనదే, కానీ అందరికీ ఒకటే. ఒక్కొక్క వినియోగదారుకు విడిగా ఉండాల్సిన వివరాలను అందరూ పంచుకునే భాగంలో దాస్తే, ఒకరి సమాచారం మరొకరి తెర మీద కనిపిస్తుంది. ఒక్కరే పరీక్షిస్తే ఎప్పటికీ బయటపడదు. వేల మంది ఒకేసారి వచ్చినప్పుడే, అంటే ఉదయం 10 గంటలకు తత్కాల్ తెరిచే వేళ లాంటప్పుడే కనిపిస్తుంది.

ఈ ఐదింటినీ వరుసలో పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎంత పెద్ద శబ్దం చేస్తే అంత తక్కువ హాని. ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత ఎక్కువ హాని.

పరీక్షలో పాస్, పనిలో ఫెయిల్

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు దీనికి ఖరీదైన ఉదాహరణ. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు సుమారు 50 లక్షల ఖాతాదారుల వివరాలను పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి ఒక్క వారాంతంలో మార్చింది. వివరాలు సరిగ్గానే చేరాయి. వాటిని వాడే వేదిక మాత్రం తడబడింది. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. కొందరికి ఇతరుల ఖాతాలు కనిపించాయి. బ్యాంకు కోరిన స్వతంత్ర విచారణలో తేలిన ముఖ్యమైన అంశం ఒకటి: ఒకేసారి పనిచేయాల్సిన రెండు డేటా సెంటర్లలో ఒకదానికే ఒత్తిడి పరీక్షలు చేశారు. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

టీఎస్‌బీ లోపం డిపెండెన్సీ ఇంజెక్షన్‌దని చెప్పడం లేదు. ఆ పద్ధతితో కట్టిన ప్రతి వ్యవస్థకూ వర్తించే పాఠం అందులో ఉంది. పరీక్షించిన చోట అందిన భాగాలు, అసలు పని జరిగే చోట అందే భాగాలు ఒకటేనా? కోడ్ ఒకటే అయినా చేతికొచ్చే ఇంజిన్ వేరైతే ప్రయాణం వేరే అవుతుంది.

మన దగ్గర 2025 ఏప్రిల్ 12న యూపీఐ గంటల తరబడి తడబడింది. ఎన్‌పీసీఐ విశ్లేషణలో బయటపడ్డ కారణం ఆసక్తికరం. కొన్ని బ్యాంకులు ‘ఆ చెల్లింపు ఏమైంది?’ అని పాత లావాదేవీల గురించి కూడా పదేపదే అడగడంతో వ్యవస్థ ఉక్కిరిబిక్కిరైంది. ఒక దగ్గర జవాబు ఆలస్యమైతే, అడిగేవాళ్లు ఆగకుండా మళ్లీ మళ్లీ అడిగి ఆలస్యాన్ని పతనంగా మార్చారు. తరువాత ఎన్‌పీసీఐ ఇలాంటి అభ్యర్థనలకు పరిమితులు పెట్టింది. ఆగస్టు నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడలేకపోవడం అందులో భాగమే. ఎక్కడ తెగిందో కనిపెట్టి, ఎందుకు తెగిందో చెప్పి, నియమం మార్చారు. ‘మెయింటెనెన్స్’ అన్న మాటకూ దీనికీ ఉన్న తేడా అదే.

తెలియని బంధువులు

ఆధారాల చిట్టా అవసరాన్ని ప్రపంచానికి గుర్తుచేసింది 2021 డిసెంబర్. లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీ పని, అప్లికేషన్‌లో ఏం జరిగిందో రాసిపెట్టడం. బయటి వ్యక్తి పంపిన మాటను నమ్మి, అది చూపిన చిరునామా నుంచి కోడ్ తెచ్చుకునే లోపం అందులో బయటపడింది. ‘లాగ్‌ఫోర్‌షెల్’ అని పేరుపెట్టారు. సరిచేయడం కష్టం కాలేదు. ‘మన దగ్గర ఇది ఉందా?’ అన్నదానికి జవాబు వెతకడమే కష్టమైంది. చాలా సంస్థలు దాన్ని నేరుగా వాడలేదు. వాళ్లు వాడిన లైబ్రరీ వాడిన మరో లైబ్రరీ వెంట అది వచ్చి కూర్చుంది. పెళ్లికి పిలిచిన బంధువు వెంట వచ్చినవాళ్లు ఎవరో ఇంటివాళ్లకు తెలియనట్టు.

అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో చెప్పే ఎస్‌బీఓఎం అనే జాబితా ఇప్పుడు పాలనా విషయమైంది. మన సెర్ట్-ఇన్ 2024 అక్టోబర్‌లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు ఆగస్టులో సెబీ తన సైబర్ భద్రతా నియమావళిలో దీన్ని చేర్చింది. స్టాక్ బ్రోకర్‌ను అడిగే జాబితాను కోట్లాది మంది ఆధారపడే ప్రజా సేవలనూ అడగడం న్యాయమే.

నవంబర్ 4

ఆధారాల మాట బిలాస్‌పూర్‌లో ఎత్తితే 2025 నవంబర్ 4 గురించి మాట్లాడక తప్పదు. ఆ సాయంత్రం గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము ప్యాసింజర్, స్టేషన్‌కు కొద్ది దూరంలో ముందున్న గూడ్స్ బండిని వెనక నుంచి ఢీకొంది. పలువురు చనిపోయారు. వారిలో లోకో పైలట్ ఒకరు. బండి ఎర్ర సిగ్నల్ దాటిందని ప్రాథమిక విచారణ తేల్చింది. ప్యాసింజర్ బళ్లు నడపడానికి అవసరమైన సైకలాజికల్ పరీక్షలో ఆ లోకో పైలట్ ఉత్తీర్ణులు కాలేదని రైల్వే భద్రతా కమిషనర్ ప్రాథమిక నివేదికను ఉటంకిస్తూ వార్తలు వచ్చాయి. బండిలో ఆయన పక్కన అసిస్టెంట్ లోకో పైలట్ ఉన్నారు.

ఇది సాఫ్ట్‌వేర్ ప్రమాదం కాదు. చనిపోయిన మనిషి మీద నెపం వేసి ఊరుకునే సంగతీ కాదు. ఇందులోని ప్రశ్న మాత్రం ఇప్పటిదాకా చెప్పుకున్నదే. ఒక పనికి ఒక అర్హత తప్పనిసరి అని నియమం ఉంది. ఆ అర్హత లేనప్పుడు డ్యూటీ కేటాయింపు దగ్గరే ఎందుకు ఆగలేదు? క్రూ డ్యూటీ బుకింగ్, సైన్-ఆన్, సైన్-ఆఫ్ అన్నీ నేడు క్రిస్ తయారుచేసిన క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ద్వారానే సాగుతాయి. కంప్యూటర్ తెర మీద డ్యూటీ వేసే వ్యవస్థలో ఉత్తీర్ణత అన్నది తప్పనిసరి ఆధారంగా ఉండాలి. అది లేకపోతే బుకింగే జరగకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆధారాన్ని ‘తప్పనిసరి కాదు’ అని గుర్తుపెట్టడానికి ఒక్క మాట చాలు. గడువు దగ్గరపడిన రోజున, సిబ్బంది తక్కువైన రోజున ఆ మాట రాసేస్తారు. అప్లికేషన్ మొదలవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తప్పనిసరి అయినదాన్ని ఐచ్ఛికంగా మార్చిన సంగతి మరుసటి నెలకు ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు నియమాలూ అలాగే సడలుతాయి. అది లేకపోయినా పక్కన ఇది ఉంది కదా అన్న సర్దుబాటు ఒకటి రెండుసార్లు నడిస్తే అదే పద్ధతి అయిపోతుంది.

ఈ విషయంలో రైల్వేకు బయటి నుంచి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. సిగ్నలింగ్‌లో ఆ పాఠం శతాబ్దం పైగా ఉంది. పట్టాల్లో ప్రవహించే కరెంటు ఆగితే, తీగ తెగితే, రిలే పడిపోతే సిగ్నల్ ఎరుపుకే వెళ్లాలి. దీపం అసలు వెలగకపోతే కూడా దాన్ని ఎరుపుగానే భావించి ఆగాలి. సమాచారం లేకపోవడం అంటే దారి ఖాళీగా ఉండటం కాదన్నది ఆ నియమం సారాంశం. పట్టాల మీద ఇంత కచ్చితంగా పాటించేదాన్ని సాఫ్ట్‌వేర్‌లోనూ, డ్యూటీ చార్టులోనూ పాటించాలి.

అడగాల్సినవి మూడు

మొదటిది, తప్పనిసరి ఆధారాలు లేకపోతే వ్యవస్థ మొదట్లోనే ఆగాలి. టికెట్ తెర మీద చివరి మెట్టు దాకా తీసుకెళ్లి, డబ్బు కోసేసి, ఆ తర్వాత ‘ఏదో లోపం’ అనడం కన్నా, పాస్ వివరాలు అందడం లేదని ముందే చెప్పి ఆపడం మర్యాద. ఎవరైనా ఒక ఆధారాన్ని ఐచ్ఛికంగా మారిస్తే అది ఎవరి అనుమతితో, ఎన్ని రోజులకు అన్నది రికార్డులో ఉండాలి.

రెండోది, ప్రతి అభ్యర్థనకూ మొదటి నుంచి చివరి దాకా ఒకే గుర్తింపు నంబరు వెంట నడవాలి. కోర్బా గనుల నుంచి బయల్దేరిన బొగ్గు రేకు ఎక్కడుందో రైల్వే సరుకు రవాణా వ్యవస్థ ఎఫ్‌ఓఐఎస్‌లో జోన్లు దాటినా కనిపెట్టవచ్చు. విఫలమైన ఒక టికెట్ అభ్యర్థనకూ అలాంటి జాడ ఉండాలి. ఆ నంబరు తెర మీద కనిపిస్తే, పదవీ విరమణ చేసిన ఉద్యోగి రిజర్వేషన్ కౌంటర్ నుంచి పర్సనల్ బ్రాంచికి, అక్కడి నుంచి హెల్ప్‌లైన్‌కు తిరగనక్కరలేదు. పాస్ దగ్గర తెగిందా, రిజర్వేషన్ దగ్గర తెగిందా, ఓటీపీ దగ్గర తెగిందా అన్నది ఆ నంబరుతో నిమిషాల్లో తేలుతుంది. లోపం వెతికే ఇంజినీరుకూ అంతకన్నా మంచి సాయం లేదు.

మూడోది, పెద్ద అంతరాయం తర్వాత కారణం బయటపెట్టాలి. రైలు ప్రమాదమైతే రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఉంటుంది. ఆ కమిషన్ రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉండటంలోనే ఒక వివేకం ఉంది. తన తప్పును తానే తేల్చుకునే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. కోట్ల మంది వాడే డిజిటల్ సేవ గంటల తరబడి ఆగినప్పుడు అంత పెద్ద విచారణ అక్కరలేదు. ఏది ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఆగకుండా ఏం చేశారు అన్న రెండు పేజీల వివరణ చాలు.

రైల్‌వన్ వచ్చాక బిలాస్‌పూర్ కాలనీలో పాస్ ఉన్నవాళ్లకూ, విజయనగరంలో అన్‌రిజర్వుడ్ టికెట్ కొనేవాళ్లకూ దారి ఒకటే అయింది. దారి ఒకటే అయినప్పుడు అడ్డంకీ అందరికీ ఒకటే. రిజర్వేషన్ వ్యవస్థ సామర్థ్యాన్ని నిమిషానికి 32 వేల టికెట్ల నుంచి లక్షన్నరకు పెంచుతామని రైల్వే ప్రకటించింది. వేగం పెరగడం మంచిదే. నిమిషానికి లక్షన్నర టికెట్లు ఇచ్చే వ్యవస్థలో ఒక తప్పుడు ఆధారం నిమిషానికి లక్షన్నర తప్పులూ చేయగలదు. అందుకే ఎంత వేగంగా నడుస్తుందో చెప్పేటప్పుడే, ఏ లోపం దగ్గర ఎలా ఆగుతుందో కూడా రైల్వే చెప్పాలి.